ఇంట తీసిన ఛాయాచిత్రం – దిద్దుబాటు హద్దులు

ఛాయాగ్రహణాన్ని గురించి తెలుగు ఉపన్యాసకుడు వ్యాసం వ్రాయడమేమిటని కొందరు మిత్రులు ఆశ్చర్యపడవచ్చు. ఛందస్సును గురించో, ప్రబంధ నాయికలను గురించో వ్రాసుకోవలసినవాడు కెమెరా జోలికి పోవడం పరుల పొలంలో అరక కట్టడమేనని తలచే పెద్దలూ ఉండవచ్చు. నాయిక ముఖాన్ని వర్ణించడానికి పద్యాల మీద పద్యాలు వెచ్చించిన సాహిత్యాన్ని బోధించేవానికి, ఈనాటి మనుషుల ముఖాలు కాగితం మీద ఏ విధంగా వర్ణింపబడుతున్నాయో విచారించే హక్కు ఉన్నదని నా నమ్మకం. పైగా ఇది మన విద్యార్థుల ముఖాలకు, అందులోనూ ముఖ్యంగా మన విద్యార్థినుల ముఖాలకు సంబంధించిన విషయం.

మన కళాశాల ఆవరణలో రెండు భాషలు వినబడతాయి గనుక మాటలతోనే మొదలుపెడతాను. తెలుగులో మనం దీనిని ఛాయాచిత్రం అన్నాము. ఉర్దూలో అక్స్ అన్నారు. ఆ కళను అక్కాసీ అన్నారు. ఛాయ అంటే నీడ. అక్స్ అంటే అద్దంలోనో నీటిలోనో కనబడే ప్రతిబింబం. రెండు భాషలూ చెప్పిన సంగతి ఒక్కటే. నీడ పడడానికి మనిషి కావాలి, ప్రతిబింబానికి ముఖం కావాలి. అయితే తెలుగులో ఛాయ అన్న మాటకు ఒంటి రంగు అన్న అర్థం కూడా ఉన్నది. చామనచాయ అంటాము. ఉర్దూలో అదే వన్నెను సావ్లా అనీ, అంతకంటె కాస్త తేటగా ఉంటే గందుమీ, అనగా గోధుమ వన్నె అనీ అంటారు. ఇంత ముచ్చటైన మాటలు రెండు భాషలలోనూ ఉండగా, ఆ రంగులు మాత్రం మన ఛాయాచిత్రాలలో నానాటికీ కనుమరుగవుతున్నాయి. ఛాయాచిత్రంలో ఛాయ లేకుండా పోవడమే నా ఫిర్యాదు.

నా అభిప్రాయాన్ని ముందుగానే చెప్పి, కారణాలు తరువాత విన్నవిస్తాను. మనిషి రూపచిత్రాన్ని వీలైనంత వరకు ఇంటిలోనే, ఆ మనిషిని ఎరిగినవారే తీయాలి. దానిని దిద్దే పనిని, మన స్టూడియోలవారు టచింగు అని పిలిచే ఆ విద్యను, మనమే నేర్చుకోవాలి. నేర్చుకున్న తరువాత దానిని బహు పొదుపుగా వాడాలి. ఈ మూడింటిలో మొదటి రెండూ సులభం. మూడవదే కష్టం.

ఇల్లు స్టూడియో కావడం కొత్త వింత ఏమీ కాదు. 1815లో కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ అనే ఆంగ్ల మహిళకు 48 ఏళ్ళ వయసులో, 1863 డిసెంబరులో, కూతురూ అల్లుడూ కలిసి ఒక కెమెరాను కానుకగా ఇచ్చారు. వైట్ ద్వీపంలోని తమ ఇంటిలో ఆమె బొగ్గులు పోసుకునే కొట్టును చీకటిగది చేసుకున్నది. కోళ్ళ గూటికి అద్దాలు బిగించి దానినే స్టూడియో చేసుకున్నది. టెన్నిసన్ మహాకవి, డార్విన్ వంటివారితో పాటు తన ఇంటి పనిపిల్లలు కూడా ఆమె కెమెరా ముందు కూర్చున్నారు. ఆమె ప్లేట్ల మీద మరకలు ఉండేవి, గీతలు ఉండేవి. ఆనాటి ఛాయాగ్రాహక సంఘాలవారు దానిని పనితనం రాకపోవడం అన్నారు. నూట అరవై ఏళ్ళ తరువాత మనం ఎవరి చిత్రాలను చూసి నిలబడిపోతున్నామో లోకానికి తెలుసు.

అంత దూరం పోనక్కరలేదు. మన హైదరాబాదులోనే లాలా దీన్‌దయాళ్ (1844–1905) ఉన్నారు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆయనకు ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు, రూపాన్ని కల్పించేవాడు. ఆయన పనులలో చరిత్రకారులు తరచుగా ప్రస్తావించేది, మనం ప్రత్యేకంగా జ్ఞాపకం పెట్టుకోవలసినది ఒకటున్నది: 1892లో హైదరాబాదులో ఆయన ప్రారంభించిన జనానా స్టూడియో. పరదా పాటించే స్త్రీల కోసమే ఏర్పడిన ఆ స్టూడియోను నడిపినది శ్రీమతి కెన్నీ లెవిక్ అనే మహిళ. ఫొటో దిగాలన్న కోరిక స్త్రీలకు ఉండదని ఎవరూ అనుకోలేదన్నమాట. ఎవరి ఎదుట దిగాలి అన్నదే వారి ప్రశ్న. ఆ ప్రశ్నకు 1892లో దొరికిన సమాధానం నేడు మన పట్టణంలో దొరకడం లేదు. ఉన్న స్టూడియోలన్నీ బజారు వీథిలోనివే, కెమెరా వెనుక నిలబడేవారందరూ పురుషులే. కలకత్తాలో అన్నపూర్ణా దత్త అనే ఆమె 20వ శతాబ్ది తొలి భాగంలో ఇళ్ళకు వెళ్ళి స్త్రీల చిత్రాలు తీసి, ఇంటిలోనే కడిగి, ప్రింట్లు వేసి జీవించినది. అటువంటి ఒక్క మనిషి మన జిల్లాలో ఉంటే ఎంతమంది తల్లులకు ఊరట కలిగేదో ఆలోచించండి.

తల్లుల భయాన్ని ఛాందసమని కొట్టివేసేవారితో నేను ఏకీభవించలేను. ఆడపిల్ల ముఖం అపరిచితుని కంప్యూటరులో ఏళ్ళ తరబడి పడి ఉండడం ఏ మతంలోని తల్లికైనా సమ్మతం కాదు. 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరిలో మరొకసారి, ముస్లిం స్త్రీల ఛాయాచిత్రాలను వారికి తెలియకుండా అంతర్జాలం నుండి తీసుకొని, వారిని వేలానికి పెట్టినట్లు ప్రదర్శించిన నీచమైన ఉదంతాలు దేశమంతటా తెలిసినవే. అవి స్టూడియోల నుండి పోయిన చిత్రాలు కావు. ఆ స్త్రీలు తమంత తాముగా లోకానికి చూపుకొన్నవి. కాబట్టి ఇంటిలో తీసుకొన్నంత మాత్రాన రక్షణ కలుగుతుందని నేను చెప్పడం లేదు. ఇంట తీసిన చిత్రం ఎక్కడ ఉండాలో, ఎవరు చూడాలో, ఎప్పుడు చెరిపివేయాలో నిర్ణయించే అధికారం మన చేతిలో ఉంటుంది. ఆ అధికారాన్ని ఎలా వాడుకొంటామన్నది మన వివేకం.

ఇక తీసే పద్ధతి. దీనికి వేల రూపాయల దీపాలు అక్కరలేదు. ఒక కిటికీ, ఒక తెల్లని దుప్పటి, ఒక థర్మోకోల్ అట్ట, స్థిరంగా నిలిచే ఒక స్టాండు, సామాన్యమైన సెల్‌ఫోను చాలును. పాశ్చాత్య గ్రంథాలన్నీ ఉత్తరపు కిటికీని ఎంచుకోమంటాయి, అటునుండి ఎండ నేరుగా పడదు గనుక. ఆ మాట ఇంగ్లండుకు సరిపోతుంది. మన నేల కర్కట రేఖకు దక్షిణంగా ఉన్నది. హైదరాబాదు అక్షాంశంలో సుమారు మే రెండవ వారం నుండి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. వేసవి నెలలలో ఉదయం, సాయంత్రం ఉత్తరపు కిటికీలోకి ఎండ ఏటవాలుగా దూరుతుంది. ఆ వేళల్లో కిటికీకి పలుచని తెల్ల గుడ్డ, పాత నూలు దుపట్టా అయినా సరే, వ్రేలాడదీయాలి. గ్రంథంలో ఉన్నదని గుడ్డిగా నమ్మి ఎండలో కూర్చోబెడితే కళ్ళు చికిలిస్తారు.

కూర్చున్నవారిని కిటికీకి మూడు నాలుగు అడుగుల దూరంలో, ముఖం కొంచెం వెలుగు వైపు తిప్పి కూర్చోబెట్టాలి. వెనుక గోడకు వీపు ఆనరాదు. గోడకూ మనిషికీ నడుమ నాలుగడుగుల ఎడం ఉంటే గోడ మీద నీడ పడదు. కిటికీకి ఎదుటి వైపు చెంప చీకటిగా ఉంటే థర్మోకోల్ అట్టను అటు నిలబెట్టండి. గదిలోని ట్యూబులైటును తప్పక ఆర్పివేయాలి. పగటి వెలుగు రంగు వేరు, దీపం రంగు వేరు. రెండూ ఒకే ముఖం మీద పడితే ఒక చెంప నీలంగా, ఒక చెంప పచ్చగా వస్తుంది. ఆ పచ్చదనాన్ని పోగొట్టడానికి కంప్యూటరు ముందు గంటసేపు కూర్చునేవారిని చూశాను. స్విచ్చి నొక్కితే పోయే జబ్బు అది.

అన్నిటికంటె ముఖ్యమైనది దూరం. మన పిల్లలు చెయ్యి చాచి తీసుకునే చిత్రాలలో తమ ముక్కు పెద్దదని బెంగపెట్టుకొంటున్నారు. ఆ బెంగకు కారణం ముక్కు కాదు, లెక్క. ముక్కు కొన నుండి చెవి దాకా లోతు సుమారు 5 అంగుళాలు అనుకుందాం. కెమెరా ముక్కుకు 12 అంగుళాల దూరంలో ఉంటే చెవికి 17 అంగుళాల దూరంలో ఉన్నట్లు. అప్పుడు చెవితో పోలిస్తే ముక్కు నూటికి నలభై వంతులు పెద్దదిగా కనిపిస్తుంది. అదే కెమెరా 6 అడుగుల దూరంలో ఉంటే ఆ తేడా నూటికి ఏడు వంతులు మాత్రమే. కనుక ఆరడుగులు వెనక్కు జరిగి, ఫోనులో దూరాన్ని దగ్గరగా చూపే రెండవ కటకం ఉంటే దానితో తీయండి. లేకుంటే తీసిన తరువాత అంచులు కత్తిరించండి. ముక్కు దానంతటదే చక్కబడుతుంది. ముక్కును సన్నం చేయడానికి ఏ సాఫ్టువేరూ అక్కరలేదు.

మన కళాశాలకు ప్రత్యేకించిన చిక్కు మరొకటి ఉన్నది. కెమెరాలోని వెలుగు కొలిచే యంత్రం ఎదుట ఉన్నదంతా సగటున బూడిద రంగులో ఉంటుందని భావించి పని చేస్తుంది. నల్లని బురఖా వేసుకొన్న అమ్మాయి కూర్చుంటే, దృశ్యం చీకటిగా ఉన్నదనుకొని వెలుగు పెంచుతుంది; ముఖం పాలిపోతుంది. తెల్లని టోపీ, తెల్లని కుర్తా వేసుకొన్న అబ్బాయి కూర్చుంటే వెలుగు తగ్గిస్తుంది, ముఖం మాడిపోతుంది. నేటి ఫోన్లు ముఖాన్ని గుర్తుపట్టి సవరించుకొంటాయి గాని, తరచుగా పొరపడుతూనే ఉంటాయి. తెర మీద ముఖాన్ని వేలితో తాకి, వెలుగును చేత్తో హెచ్చుతగ్గులు చేయడం నేర్చుకొంటే ఈ చిక్కు తీరుతుంది. వెనుక భాగాన్ని మసకగా చేసే పోర్ట్రెయిట్ మోడ్ అనే మీట కూడా మనకు అంతగా పనికిరాదు. అది లెక్క వేసి చేసే మసక గనుక దుపట్టా అంచులను, ముంగురులను, గడ్డం వెంట్రుకలను కొరికివేస్తుంది.

ఇంతవరకు జాగ్రత్తగా చేసినవారికి దిద్దవలసిన పని పదింట ఒక వంతుకు తగ్గిపోతుంది. మిగిలిన ఆ ఒక వంతు దగ్గరనే అసలు వివాదం.

టచింగు అన్నది కంప్యూటరుతో పుట్టినది కాదు. ఫిల్ముల కాలంలో ఏటవాలు బల్ల, దాని కింద వెలుగును పైకి విసిరే అద్దం, బల్ల నడుమ నెగెటివ్ — ఇదీ టచింగు చేసేవాని ఆస్తి. నెగెటివ్ మీద ఒక విధమైన జిగురు నూనెను రుద్ది, సూదిలాగ చెక్కిన పెన్సిలుతో కామాల వంటి సన్నని గీతలు గీసేవారు. ముఖం మీది ముడత నెగెటివ్‌లో పారదర్శకంగా ఉంటుంది. దానిని పెన్సిలుతో నింపితే ప్రింటులో ముడత మాయమవుతుంది. తెల్లగా వచ్చిన చోటును నల్లబరచాలంటే చిన్న కత్తితో నెగెటివ్ పొరను గీకేవారు. గోటి మీద పట్టేటంత ముఖం మీద ఈ పని జరిగేది. ఎంత ఓర్పు, ఎంత చూపు! ఆ పనివారిని నేను గౌరవిస్తాను. వారికి ఒక న్యాయమైన కారణం కూడా ఉండేది. తొలినాళ్ళ ప్లేట్లు నీలి వెలుగును మాత్రమే గ్రహించేవి. ఎరుపు, గోధుమ వన్నెలు వాటికి నలుపుతో సమానం. 1873లో హెర్మన్ ఫోగెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ప్లేటుకు రంగులు కలిపి ఆకుపచ్చను చూపించే ఉపాయం కనుగొన్నాడు. ఎరుపు దాకా చూడగల ప్లేట్లు బజారుకు వచ్చేసరికి 1906 అయింది. అంతదాకా గోధుమ వన్నె మనిషి ఉన్నదానికంటె నల్లగా వచ్చేవాడు. ఆనాటి పనివాడు కొంచెం తెలుపు చేస్తే అది యంత్రం చేసిన తప్పును దిద్దడమే అయ్యేది. నేటి కెమెరాకు ఆ లోపం లేదు. లోపం పోయినా చికిత్స మాత్రం ఆగలేదు. రోగం లేని మందు వాడుకలో మిగిలిపోయినట్లయింది.

రంగుల ఫిల్ము వచ్చిన తరువాత వేరొక అన్యాయం జరిగింది. ఫొటోలు కడిగే యంత్రాలలో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ ఒక స్త్రీ చిత్రమున్న కార్డును లేబొరేటరీలకు పంపేది. ఆ కార్డుకు షర్లీ అని పేరు. ఆ స్త్రీ తెల్లజాతి స్త్రీ. ఆమె చర్మం బాగా వస్తే యంత్రం సరిగా ఉన్నట్లు లెక్క. వివిధ వర్ణాల స్త్రీలను ఒకే కార్డులో చేర్చినది 1990ల దశకంలోనే. మన తాతముత్తాతల రంగు సరిగా రాకపోతే అది వారి ఒంటి దోషం కాదు, కొలబద్ద దోషం. మన దేశంలో ఈ కొలబద్దకు మరొక తోడు కూడా దొరికింది. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ అన్న పేరుతో వచ్చిన క్రీము 2020 దాకా ఆ పేరుతోనే అమ్ముడుపోయింది. పేరు మారింది. కోరిక మారినట్లు నాకు కనిపించడం లేదు.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. మా దాదా గారికి చిన్ననాట మశూచి పోసింది. ముఖం నిండా గుంటలు. మశూచి అన్న జబ్బు 1975తో మన దేశంలో నిలిచిపోయింది గనుక నేటి విద్యార్థులకు ఆ గుంటల ముఖం ఎలా ఉంటుందో తెలియదు. మా బాల్యంలో ఊళ్ళో అటువంటి ముసలివారు పదిమంది ఉండేవారు. దాదా గారు దిగిన ఫొటో ఒక్కటే, ఉద్యోగపు గుర్తింపు కార్డు మీదిది. ఆయన పోయిన తరువాత మా చిన్నాన్న దానిని ఒక స్టూడియోలో ఇచ్చి పెద్దది చేయించాడు. వారు శ్రద్ధగానే చేశారు. గుంటలన్నీ పూడ్చారు, ఒంటికి పసిమి పూశారు, పెదవులకు ఎరుపు అద్దారు. జీవితంలో ఎన్నడూ కోటు తొడగని మనిషికి కోటు, టై కూడా తొడిగారు. పటం ఇంటికి వచ్చిన రోజు దాదీమా కళ్ళద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసి, "ఈ దొరగారెవరు బాబూ? మీ అబ్బా ఏరీ?" అన్నది. చిన్నాన్న నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆ గుంటల ముఖాన్ని ఆమె నలభై ఏళ్ళకు పైగా చూసింది. లోకంలో ఆయనకు మిగిలిన ఒక్క ప్రతిబింబాన్నీ పూడ్చివేశారు. అసలు చిన్న ఫొటోను స్టూడియోవారు తిరిగి ఇవ్వనూ లేదు.

దాని మూలంగా ఏర్పడినదే నేను విద్యార్థులకు చెప్పే నియమం. దిద్దే ముందు అసలు చిత్రానికి ఒక నకలు తీసి భద్రపరచాలి. నకలు మీదనే పని చేయాలి. ఇది మొదటిది, దీనికి మినహాయింపు లేదు. ఇక దేనిని తుడవవచ్చు? పదిహేను రోజులలో దానంతటదే పోయేదానిని తుడవవచ్చు. నిన్న లేచిన మొటిమ, దోమ కుట్టిన దద్దురు, భుజం మీది దారప్పోగు, కంటికి అడ్డుపడిన వెంట్రుక, కటకం మీది ధూళి, నిద్ర చాలని కంటి కింది నలుపులో సగం. పదిహేను రోజులకు పోనిదానిని ముట్టరాదు. పుట్టుమచ్చ, గాయపు మచ్చ, సొట్ట, వంకర పలువరుస, నమాజు చేసేవారి నుదుటి కాయ, వయసు, ఒంటి రంగు. అవి ఆ మనిషివి. చిత్రకారునివి కావు. ఆ మనిషే కోరితే? కోరవచ్చు, తన ముఖం తన ఇష్టం. కాని కోరనిదే ముట్టడానికి ఎవరికీ అధికారం లేదు.

సాధనాలు కావలసినన్ని ఉన్నవి. ఫొటోషాప్ 1990లో వచ్చింది; అంతటి పనీ చేయగల గింప్ ఉచితంగా దొరుకుతుంది. మచ్చను తాకితే పక్కనున్న చర్మపు పోగును తెచ్చి అతికే కుంచెలు వాటిలో ఉన్నాయి. ఆ కుంచెను చాలా చిన్నదిగా పెట్టుకొని ఒక్కొక్క చుక్క చొప్పున పని చేయాలి. ముఖమంతటినీ ఒకేసారి నునుపు చేసే మీటను నొక్కితే చర్మరంధ్రాలు పోయి, మనిషి ఏటికొప్పాక లక్కబొమ్మ అవుతాడు. లక్కబొమ్మ లక్కబొమ్మగా అందమైనదే. మరొక జాగ్రత్త: తెర మీద పది రెట్లు పెంచి చూస్తే ప్రపంచ సుందరి ముఖం కూడా నల్లరేగడి బీడులాగే ఉంటుంది. అచ్చులో రెండంగుళాలు పడే చిత్రాన్ని రెండంగుళాలలోనే చూసి నిర్ణయించాలి. ఆనాటికి ఆపి, మరునాడు మళ్ళీ చూడాలి. రాత్రి బాగున్నది అనిపించిన పనిలో సగం పగటి వెలుగులో అతిగా కనబడుతుంది.

ఈనాడు దిద్దుబాటు మనం చేయకముందే జరిగిపోతోంది. కొన్ని ఫోన్లలో బ్యూటీ అనే సదుపాయం కొన్ననాటి నుండే పని చేస్తూ ఉంటుంది. మనం మీట నొక్కిన క్షణానికే కళ్ళు పెద్దవై, దవడ సన్నమై, రంగు తేలిపోతుంది. అద్దం ముందు నిలబడి తన ముఖాన్ని తానే తక్కువ చేసుకొనే ఆడపిల్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఆ మీటను వెదికి ఆపివేయడం ఎలాగో ప్రతి తరగతిలో ఒక్కసారి చూపించాలి. అంతకంటె ముందుకు పోయినది కృత్రిమ మేధ. చిన్న ఫొటో ఒకటి ఇస్తే సూటు తొడిగి, స్టూడియో దీపాలు వెలిగించి, లేని చెవిని కూడా ఊహించి గీసి ఇస్తుంది. అది బాగుండవచ్చు. అయితే దానిని అక్స్ అనడానికి వీలు లేదు. ఆ నీడ పడినప్పుడు ఆ ఎదుట మనిషి లేడు. మా దాదా గారికి తొడిగిన కోటు వంటిదే అదీను, కాకపోతే కుట్టు కనబడదు.

కొన్ని దేశాలు దీనిని చట్టం దాకా తీసుకుపోయాయి. ప్రకటనలలో రూపదర్శి దేహాకృతిని మార్చితే ఆ సంగతి చిత్రం మీదనే తెలుపాలని ఫ్రాన్సు 2017 అక్టోబరు నుండి, అటువంటిదే నార్వే 2022 జూలై నుండి అమలులో పెట్టాయి. పాస్‌పోర్టు చిత్రాల విషయంలో అంతర్జాతీయ నియమాలు మరింత కఠినం. చర్మపు రంగు సహజంగా ఉండాలి, చిత్రాన్ని మార్చి ఉండరాదు. విదేశం పోవడానికి మన అసలు ముఖమే కావాలి. పెళ్ళికి, కళాశాల పత్రికకు మాత్రం వేరొకరి ముఖం సరిపోతుందా?

పెళ్ళి మాట వచ్చింది గనుక ఒక ఆక్షేపణకు బదులు చెప్పాలి. "సంబంధాలవారు రంగు అడుగుతున్నారు, మీరు నీతులు చెబితే మా పిల్లకు పెళ్ళి ఎలా అవుతుంది?" అని ఒక తండ్రి నన్ను సూటిగానే అడిగారు. ఆయన బాధ నిజమైనది. దానిని తేలికచేసి మాట్లాడలేను. కాని తెల్లబరచిన చిత్రం చూసి వచ్చినవారు చూపులనాడు ఆ పిల్ల ఎదుటనే ఫొటో తీసి పోల్చి చూస్తారు. ఆ క్షణాన ఆమె తల వంచుకోవలసి వస్తుంది. ఆమె చేయని నేరానికి. చామనచాయను చామనచాయగా చూపిన చిత్రానికి పది ఇళ్ళవారు బదులు వ్రాయకపోవచ్చు. పదకొండవ ఇంటివారు వచ్చినప్పుడు మాత్రం పోల్చి చూసుకోవలసిన పని ఉండదు.

స్టూడియోల జీవనోపాధి పోతుందని మరొక ఆక్షేపణ. ఫిల్ము పోయినప్పుడే ఆ దెబ్బ వారికి తగిలింది. సెల్‌ఫోనుతో మరింత గట్టిగా తగిలింది. నా వ్యాసం వల్ల పోయేది కొత్తగా ఏమీ లేదు. నిజానికి మంచి ప్రింటు వేయడం, పాత ఫొటోలను బాగుచేయడం ఇంటిలో కుదరని పనులు. ఆ పనులకు వారి దగ్గరికే పోవాలి, తగిన మూల్యం ఇవ్వాలి, అసలు ప్రతిని తప్పక తిరిగి తెచ్చుకోవాలి.

ఇక కార్యవర్గం వారికి నా విన్నపం. గ్రంథాలయం పక్కన పాత బల్లలు పేర్చి ఉంచిన గదికి ఉత్తరపు కిటికీ ఉన్నది. ఆ బల్లలను తీయించి, గోడకు లేత బూడిద రంగు వేయించి, రెండు స్టూళ్ళు, ఒక స్టాండు, ఒక కంప్యూటరు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. వారంలో రెండు రోజులు విద్యార్థినులకు, రెండు రోజులు విద్యార్థులకు. విద్యార్థినుల చిత్రాలు విద్యార్థినులే తీయాలి, ఒక ఉపన్యాసకురాలు పర్యవేక్షించాలి. గుర్తింపు కార్డుల చిత్రాలు అక్కడే తీస్తే బయటికి పోయే ఖర్చు పోతుంది. పని నేర్చిన పిల్లలకు రేపు ఒక వృత్తి కూడా అవుతుంది. తీసిన చిత్రాన్ని దిగినవారు చూసి ఒప్పుకొన్న తరువాతనే ఎవరికైనా ఇవ్వాలి. సంవత్సరాంతాన ఆ కంప్యూటరులోనివన్నీ వారి ఎదుటనే చెరిపివేయాలి. ఫర్నిచరుకు గది చాలదని అంటారేమో. విరిగిన బల్లలకు ఉత్తరపు వెలుగు అవసరం లేదు.

చివరగా ఒక చిన్న సంగతి, మన పత్రికకే సంబంధించినది. ఉత్తమ శ్రేణిలో ఉత్తీర్ణులైనవారి పుటలో, ఫొటో ఇవ్వని విద్యార్థినుల పేరు పైన గులాబి పువ్వు బొమ్మ వేయడం మనకు అలవాటయింది. ఫొటో ఇవ్వకపోవడం ఆమె ఇష్టం. ఆ ఇష్టాన్ని ప్రశ్నించే హక్కు మనకు లేదు. అయితే కొందరిని అడిగి చూస్తే వారికి అభ్యంతరం ఫొటో కాదనీ, బజారు స్టూడియో అనీ తేలింది. కళాశాల గదిలో స్నేహితురాలు తీస్తే ఇస్తామన్నారు ముగ్గురు. మిగిలినవారు అప్పుడు కూడా వద్దనే అన్నారు. వారికి గులాబి వేయవద్దు. వారి పేరు, వారు సాధించిన మార్కులు, వారి ఊరు వ్రాసి, ఆ చతురస్రాన్ని ఖాళీగానే విడిచిపెట్టండి.